విడతకొక్క ట్రే

ఆ పెద్దాసుపత్రికి ఎవరొచ్చినా మెట్లెక్కుతారు. ఆవిరక్కా, ఆమె దగ్గర పనిచేసే పదకొండు మంది ఆడవాళ్ళూ మాత్రం దిగుతారు. పై అంతస్తుల్లో వాడిన కత్తులూ, కత్తెరలూ, పట్టకార్లూ అన్నీ చివరికి ఆ నేలమాళిగకే చేరతాయి. వాటిని కడిగి, భూతద్దం కింద ఒక్కో పంటినీ ఒక్కో మడతనీ చూసి, ఏ ఆపరేషన్‌కి ఏవి కావాలో ఆ ప్రకారం ట్రేల్లో సర్ది, రెండు పొరల గుడ్డ చుట్టి, టేపు వేసి, ఆవిరి యంత్రంలో పెట్టడం వాళ్ళ పని. ఇందులో ఏముంది గొప్ప అంటారా? కడుపు కోయించుకునే ముందు రోజు ఆ మాట అడగండి, మీకే తెలుస్తుంది.

ఆమెకి అమ్మానాన్నలు పెట్టిన పేరు జీతం రసీదు మీద తప్ప ఇంకెక్కడా లేదు. ముప్పై రెండేళ్ళు ఆవిరి మధ్య తిరిగి ఆవిరక్క అయింది. డాక్టర్లకీ ఆవిరక్కే, ఊడ్చేవాళ్ళకీ ఆవిరక్కే. ఇంట్లో మొగుడు కూడా కోపం వస్తే అలాగే పిలుస్తాడు. ఆయన మోకాలి చిప్ప మార్చింది కూడా ఆ ఆసుపత్రిలోనే. ఎవరైనా నడక బాగుందండీ అంటే, "బాగుండక చస్తుందా? ఆ సామాన్లు మా ఆవిడ కడిగింది. ఇంట్లో గిన్నెలు మాత్రం నాకు వదిలేస్తుంది" అంటాడు.

ఆసుపత్రికి యజమాని లేడు. ఐదు ఊళ్ళవాళ్ళు తలా ఒక చెయ్యి వేసి కట్టుకున్నారు. పెద్ద ఊళ్ళో పెద్దాసుపత్రి, మిగతా నాలుగూళ్ళలో నాలుగు చిన్నాసుపత్రులు. ఏడాది చివర మిగిలిందేదైనా మళ్ళీ వాటిలోకే పోతుంది తప్ప ఎవరి ఇంటికీ పోదు. బడిపిల్లల కళ్ళు చూడ్డానికి వ్యాను వెళ్ళేదీ, రక్తం శుభ్రం చేయించుకునేవాళ్ళని వారానికి మూడుసార్లు ఇంటి గుమ్మం దగ్గర ఎక్కించుకుని మళ్ళీ దించేదీ ఆ మిగులుతోనే. నడిపించేది తొమ్మిది మంది కమిటీ. అందులో ఒక చెప్పుల కొట్టాయన ఉన్నాడు, ఇద్దరు డాక్టర్లున్నారు, అధ్యక్షురాలిగా రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ ఉంది. ఊరంతా ఆమెని టీచరమ్మ అంటారు. డెబ్బై దాటినా ఆమె ఎదురుపడితే చొక్కా బొత్తాలు సర్దుకునే మగవాళ్ళు ఐదూళ్ళలోనూ ఉన్నారు.

ఆ కమిటీ ఆ బుధవారం పది గంటలకి నేలమాళిగకి వస్తానంది. ఎందుకంటే, ఒక కంపెనీ ముందుకొచ్చింది. సామాన్లన్నీ మేం పట్టుకెళ్తాం, మూడు గంటల దూరంలో మా ఫ్యాక్టరీ ఉంది, శుభ్రం చేసి మర్నాటికి తెచ్చిస్తాం, మీకు ఈ గదీ వద్దు, ఈ మనుషులూ వద్దు అంది. ఉంచుకోవాలా, అప్పగించాలా అన్నది ఆ రోజే తేలుతుంది. అప్పగిస్తే పదకొండు మంది ఆడవాళ్ళు పైకి మెట్లెక్కి గేటు బయటికి నడవాలి. వాళ్ళలో ఏడుగురికి ఆ జీతమే ఇల్లు.

ఆవిరక్క భయపడలేదు. ఆమెకి తన పని మీద ఉన్న ధీమా అలాంటిది. "రానీ. కళ్ళున్నవాళ్ళెవరైనా చూసి పోవచ్చు" అంది. అన్నదేమో గానీ, మంగళవారం సాయంత్రం గుడ్డల అర చూసేసరికి మనసు కొంచెం చివుక్కుమంది. ట్రేలకి చుట్టే ఆకుపచ్చ గుడ్డలు ఉతికి ఉతికి వెలిసిపోయాయి. సగానికి అతుకులు. పై అరలో కొత్త థాను తెచ్చి కత్తిరించి కుట్టించిన గుడ్డలు, మడత కూడా నలగనివి, వంద ఉన్నాయి.

కొత్త గుడ్డని ఉతక్కుండా చుట్టకూడదు. ఆ గదిలో చేరిన ప్రతి మనిషికీ మొదటిరోజు ఆమె చెప్పే మొదటి పాఠం అదే. కొత్త గుడ్డలో గంజి ఉంటుంది, ఆవిరిని లోపలికి పోనివ్వదు, కనీసం రెండు ఉతుకులు పడాలి. లాండ్రీ బాబాయికి ఫోన్ చేసి అడిగితే, "ఇవాళ దుప్పట్ల మోపు ఉందమ్మా, ఎల్లుండికి గానీ కుదరదు" అన్నాడు. ఆమె ఫోన్ పెట్టేసి, కొత్త గుడ్డని చేత్తో నిమిరి చూసింది. ఏమంత గంజి లేదనిపించింది. ఒక్కరోజుకేమవుతుందిలే అనుకుంది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడటం ఇలాగే మొదలవుతుంది.

బుధవారం తెల్లవారుజామున ఐదింటికల్లా నలభై ట్రేలు కొత్త గుడ్డల్లో ముచ్చటగా యంత్రంలోకి ఎక్కాయి. ఆ యంత్రాన్ని ఆమె ముసలాయన అంటుంది. గురక పెడతాడు, దగ్గుతాడు, కానీ పని మానడు. ప్రతి విడతలోనూ ట్రేల నడుమ ఒక పరీక్ష మూట పెడతారు. అది ఎప్పుడూ వాడే పాత గుడ్డల మూట. అందులో ఒక కాగితప్పట్టీ ఉంటుంది. లోపలికి ఆవిరి సరిగా వెళితే పసుపుపచ్చ పట్టీ నల్లబడుతుంది. అలాంటి పట్టీ ఒకటి ప్రతి ట్రే లోపలా పెట్టి చుడతారు. ఆ రోజు కూడా మూట విప్పితే పట్టీ కాటుకలా ఉంది. నియమం ప్రకారం అంతటితో సరి, ట్రేలు పంపేయొచ్చు.

కానీ ఆవిరక్కకి నియమం పైన ఇంకో నియమం ఉంది. విడతకొక్క ట్రే విప్పుతుంది. చెయ్యి పెట్టి ఏది తగిలితే అది. విప్పిన ట్రే ఇక పనికిరాదు, మళ్ళీ మొదటి నుంచీ చుట్టి పెట్టాలి. అంటే రోజూ ఒక ట్రే పని దండగ. మేనేజరు పోయినేడాది నుంచీ దాని గురించి సణుగుతూనే ఉన్నాడు. ఆమె వింటుంది, తలూపుతుంది, మర్నాడు మళ్ళీ విప్పుతుంది.

దానికో కారణం ఉంది. ఇరవై నాలుగేళ్ళ వయసులో ఆమెకి తొలికాన్పు వేరే ఊళ్ళో ఒక చిన్న నర్సింగ్ హోంలో జరిగింది. బిడ్డ బాగానే పుట్టింది. కుట్లు చీము పట్టాయి. నలభై రోజులు మంచం మీద, బిడ్డని ఎత్తుకోవడానికి కూడా లేవలేక, చివరికి ఈ పెద్దాసుపత్రికి వస్తే బతికింది. అప్పుడు కట్టు మార్చే ముసలి సిస్టరమ్మ ఒకరోజు పళ్ళు కొరుకుతూ అంది: "ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, ట్రే విప్పి పట్టీ చూసుంటే నీకీ తిప్పలు ఉండేవి కావు తల్లీ." ఆ పై ఏడాదే ఆవిరక్క నేలమాళిగలో కడిగే పనికి చేరింది. విడతకొక్క ట్రే విప్పడం చేరిన వారం నుంచే మొదలెట్టింది.

రోజూ వ్యాను కదలకముందే విప్పేది. ఆ రోజు మాత్రం మేనేజరు పైన నిలబడి తొందరపెట్టాడు. నేల తుడవాలి, గోడ మీద పటాలు సరిచెయ్యాలి, కమిటీకి కుర్చీలు వెయ్యాలి. సరే, చల్లారాక చూద్దాంలే అని ఒక ట్రే పక్కన పెట్టి, పద్నాలుగు పైన థియేటర్లకీ, ఇరవై ఐదు వ్యానుకీ పంపేసింది. ఆరున్నరకి వ్యాను మామ హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

ఏడూ ఇరవైకి టీ గ్లాసు పక్కన పెట్టి ఆ ట్రే విప్పింది. ఆవిరి తగిలితే నల్లబడే పై టేపు గీతలు నిక్షేపంగా నల్లగా ఉన్నాయి. రెండు పొరల గుడ్డా తీసింది. కత్తెరల మధ్య ఉన్న పట్టీ రెండు చివర్లూ నల్లబడి, నడిమి వేలెడు మేర పసుపుగానే ఉంది.

పైన పటారం, లోన లొటారం. ఆమె బల్ల పట్టుకుని నిలబడింది. ముప్పై తొమ్మిది ట్రేలు, ఐదు ఆసుపత్రులు, ప్రతి దాని మీదా ఆమె సంతకం. ఎంతసేపు నిలబడిందో ఆమెకే తెలియదు గానీ, కడిగే తొట్టి దగ్గరున్న అమ్మాయి మాత్రం "అక్క పది లెక్కపెట్టేలోపు ఫోన్ తీసింది" అని తర్వాత అందరికీ చెప్పింది.

మొదట పై థియేటర్లకి. "ఇవాళ్టి ట్రే ఒక్కటీ విప్పొద్దు. పచ్చ కొత్త గుడ్డవి అన్నీ కిందకి పంపండి." ఎముకల డాక్టరుకి ముక్కు మీద కోపం. ఆయనే ఫోన్ లాక్కుని అరిచాడు.

"ఏంటమ్మా ఇది? పేషెంటుకి మత్తిచ్చే టైముకి చెప్పేది?"

"ఇవ్వకముందే చెప్తున్నా కదా బాబూ. తిట్టాలంటే మధ్యాహ్నం తిట్టండి, వింటాను. ఇప్పుడు ట్రేలు పంపండి."

తర్వాత వ్యాను మామకి. ఆయన అప్పటికే రెండు ఊళ్ళలో దించేశాడు. బండి పక్కకి ఆపి వింటూనే, "మిగతావి నా దగ్గరే ఉన్నాయి చెల్లెమ్మా, తిప్పేస్తున్నా" అన్నాడు. దించేసిన మొదటి ఊరివాళ్ళు ట్రేలు ఇంకా బీరువాలో కూడా సర్దలేదు. ఇక మిగిలింది వంతెన అవతలి చిన్నాసుపత్రి. అక్కడ ఎవరూ ఫోన్ ఎత్తలేదు. రెండోసారీ ఎత్తలేదు. మూడోసారి ఆయమ్మ ఎత్తి, "సిస్టరు థియేటర్లో ఉందండీ, సిజేరియన్" అంది.

"ఫోన్ సిస్టరు చెవి దగ్గర పెట్టు."

"లోపలికి నేను వెళ్ళకూడదండీ..."

"తలుపు దగ్గర నిలబడి పెద్దగా అరువు. ఆవిరక్క చెప్పింది, ఇవాళ్టి ట్రే ముట్టుకోవద్దంది అని అరువు. నీ ఉద్యోగానికి నాది పూచీ."

ఆయమ్మ గొంతు సామాన్యమైంది కాదు. ఆ అరుపు ఫోన్లోంచి నేలమాళిగ అంతా వినపడింది. కాసేపటికి సిస్టరు గొంతు వచ్చింది. ముప్పై ఏళ్ళు కూడా లేని పిల్ల, ఆవిరక్క దగ్గరే మూడు నెలలు పని నేర్చుకుని వెళ్ళింది.

"అక్కా, ట్రే పరిచేశాను. వెన్నులో ఇంజెక్షన్ కూడా ఇచ్చేశారు."

"కత్తి పెట్టారా?"

"లేదు. పెట్టబోతున్నారు."

"లోపలి పట్టీ చూశావా?"

సిస్టరు మెల్లగా అంది. "టేపు చూశానక్కా. లోపలిది చూళ్ళేదు. నీ చేతి ట్రే కదా అని."

ఆ మాట ఆవిరక్కకి చెంప మీద కొట్టినట్టు తగిలింది. ముప్పై రెండేళ్ళుగా ఆ మాట కోసమే కదా తను పనిచేసింది. నీ చేతిదైతే చూడక్కర్లేదు అనిపించుకోవడమే గొప్ప అనుకుంది కదా.

"ఇప్పుడు చూడు."

"నడుమ పసుపుగా ఉందక్కా."

"కంగారుపడకు. నిన్నటి ట్రే ఏదైనా ఉందా? అతుకుల గుడ్డది?"

"ఒకటుంది."

"అది తియ్యి. పరిచినవన్నీ ఎత్తెయ్, గుడ్డలతో సహా. చేతులు మళ్ళీ కడుక్కోండి, గ్లౌజులు మార్చండి. పట్టీ చూసి, డాక్టరుగారికి చూపించి, అప్పుడు మొదలెట్టండి. నేను లైన్లోనే ఉంటా."

ఆరు నిమిషాలు ఉంది. ఫోన్ చెవికి ఆనించుకుని, రెండో చేత్తో బల్ల అంచు పట్టుకుని. నడుమ డాక్టరుగారి విసుగు వినపడింది, ఇనుప సామాను చప్పుడు వినపడింది. "నల్లగా ఉందక్కా, నిండా నల్లగా ఉంది" అన్న సిస్టరు మాట వినపడింది. ఇంకాసేపటికి ఒక పిల్ల ఏడుపు వినపడింది. ఆవిరక్క అప్పుడు కూర్చుంది.

కూర్చుని ఎంతోసేపు లేదు. పాత అతుకుల గుడ్డలన్నీ దించింది. వెనక్కొచ్చిన ట్రేలన్నిటినీ విప్పి, మళ్ళీ చుట్టి, ముసలాయన నోట్లో పెట్టడం మొదలెట్టారు. తుడిచిన నేల మళ్ళీ తడిసింది. కమిటీకి వేసిన కుర్చీల మీద ట్రేలు ఎక్కాయి.

మేనేజరు తొమ్మిదిన్నరకి పరుగెత్తుకుంటూ దిగాడు. చెడ్డవాడు కాదు, పిరికివాడు. గొంతు తగ్గించి అన్నాడు: "అక్కా, అరగంటలో కమిటీ వస్తుంది. మెషీన్లో ప్రెషర్ పడిపోయిందని చెప్పేద్దాం. అది పాతదని అందరికీ తెలుసు. మీ మీదకీ రాదు, గది మీదకీ రాదు. కొత్త మెషీన్ కూడా రావచ్చు."

"అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, ఆ ముసలాయన మీద పెట్టమంటారా?" అంది ఆవిరక్క. "నోరు లేనిది కదా అని? అది తన పని తను చేసింది బాబూ. గుడ్డ నాది."

"మరి వీళ్ళ ఉద్యోగాలు?"

అది మాత్రం గుచ్చుకుంది. ఆమె వెనక్కి తిరిగి చూసింది. పదకొండు మంది పని ఆపి వింటున్నారు. అందరిలోకీ పెద్దావిడ, ఆమెకన్నా రెండేళ్ళు ముందు చేరిన మనిషి, తడిచేతులు పైటకి తుడుచుకుంటూ, "అక్క అబద్ధం చెప్తే రేపట్నుంచి ఆ పట్టీ నల్లగా ఉందన్నా నేను నమ్మను" అంది. మళ్ళీ తొట్టి వైపు తిరిగి పనిలో పడింది.

పది గంటలకి కమిటీ దిగింది. వెంట కంపెనీ మనిషి, కోటూ బూటూ, చేతిలో నున్నటి కాగితాల పుస్తకం. కూర్చోడానికి కుర్చీల్లేవు. ఎవరూ అడగకముందే ఆవిరక్క చెప్పేసింది. కొత్త గుడ్డ సంగతి, మీరొస్తున్నారని మోజుపడి చుట్టిన సంగతి, పరీక్ష మూట నల్లగా ఉంది కదా అని, రోజూ విప్పే ట్రే విప్పకుండానే వ్యాను పంపిన సంగతి, వంతెన అవతల ఆరు నిమిషాల సంగతి. ఏదీ దాచలేదు, ఏదీ ఏడుస్తూ చెప్పలేదు. "తప్పు రెండు చోట్ల జరిగింది, రెండూ నావే" అని ముగించింది.

కంపెనీ మనిషికి ఇది నెత్తిన పాలు పోసినట్టయింది. మర్యాదగా నవ్వాడు.

"ఇలాంటివి ఉండకూడదనేగా మేం వచ్చింది. పదేళ్ళండీ. పదేళ్ళలో మా ఫ్యాక్టరీ ఒక్క ట్రేని కూడా వెనక్కి పిలవలేదు."

చెప్పుల కొట్టాయన తలూపాడు. పదకొండు మందీ నేల చూశారు. టీచరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"ఒక్కటి కూడా పిలవలేదా బాబూ?"

"ఒక్కటి కూడా లేదండీ."

"పంపేముందు ఏదైనా విప్పి చూస్తారా? ఈవిడ విప్పినట్టు?"

"నియమం ప్రకారం పరీక్ష మూట చూస్తామండీ. తయారైన ట్రే విప్పితే దండగ కదా."

"ఆ పరీక్ష మూట ఇవాళ ఇక్కడ కూడా నల్లగానే ఉందటగా?"

కంపెనీ మనిషి కాగితాలు తిప్పాడు.

"నా బళ్ళో ఒక మాస్టారుండేవాడు" అంది టీచరమ్మ, ఎవరినీ చూడకుండా. "ఇరవై ఏళ్ళలో నా పరీక్ష గదిలో ఒక్క పిల్లాడూ కాపీ కొట్టలేదని గొప్పగా చెప్పుకునేవాడు. నిజమే. ఆయన అక్కడ నిద్రపోయేవాడు."

పెద్దావిడ నవ్వు ఆపుకోలేక తొట్టిలోకి వంగింది. చెప్పుల కొట్టాయన బాహాటంగానే నవ్వేశాడు. టీచరమ్మ నవ్వలేదు. కళ్ళజోడు పెట్టుకుని ఆవిరక్క వైపు తిరిగింది.

"నువ్వు చేసింది చిన్న తప్పు కాదమ్మా. తెలిసీ చేశావు. దానికి రాతపూర్వకంగా మెమో ఇస్తాం, నీ ఫైల్లో ఉంటుంది."

"ఇవ్వండి టీచరమ్మగారూ. ఇవ్వకపోతే నేనే అడిగేదాన్ని."

"విడతకొక్క ట్రే విప్పడం నీ ఒక్కదాని అలవాటుగా ఉంటే చాలదు. రేపట్నుంచి అది ఆసుపత్రి నియమం. విప్పకుండా వ్యాను కదలడానికి వీల్లేదు, కమిటీ వస్తున్నా సరే, మంత్రి వస్తున్నా సరే. దండగంటావా మేనేజరూ?"

"అనను మేడమ్."

గది ఉంచాలా వద్దా అన్నది పైకెళ్ళి చేతులెత్తి తేల్చారు. తొమ్మిదిలో ఏడు చేతులు ఉంచమన్నాయి. ఆ కబురు మేనేజరే మెట్లు రెండేసి దూకుతూ తెచ్చాడు. పదకొండు మందిలో ఎవరు ముందు ఏడ్చారో చెప్పడం కష్టం. ఆవిరక్కకీ సంతోషమే. కానీ రెండో విడత దించే వేళయింది, చేతికి తగిలిన ట్రే ఒకటి లాగి విప్పింది. నల్లగా ఉంది.

సాయంత్రం ఎముకల డాక్టరు మాట నిలబెట్టుకుని పది నిమిషాలు తిట్టి వెళ్ళాడు. ఇంటికెళ్ళి మొగుడికి అంతా చెప్పింది. ఆయన విన్నంతసేపూ విని, "మెమో ఇచ్చారా! పటం కట్టిద్దామా?" అన్నాడు. తర్వాత లేచి, అడక్కుండానే గిన్నెలు కడిగాడు.

మెమో నిజంగానే గోడకెక్కింది. కడిగే తొట్టి పైన, అందరి కంటికీ ఎదురుగా, ఆవిరక్కే అంటించింది. కొత్తగా చేరేవాళ్ళకి ఇప్పుడు మొదటి పాఠం నోటితో చెప్పదు, అది చదవమంటుంది.

మర్నాడు ఏడున్నరకి వంతెన అవతలి నుంచి ఫోన్ వచ్చింది.

"అక్కా, ఏమీ అనుకోవు కదా. ఇవాళ నీ ట్రేలు ఆరూ లోపలి పట్టీ చూసే విప్పాను. నీ మీద నమ్మకం లేక కాదు..."

"ఆ ముక్క తీసెయ్" అంది ఆవిరక్క. "నన్ను నమ్మొద్దు తల్లీ. ట్రే ఎవరిదైనా సరే, చూడు. ఎలా ఉన్నాయి?"

"నల్లగా ఉన్నాయక్కా. ఆరూ."

"నిన్నటి తల్లీబిడ్డా?"

"బాగున్నారు. ఆడపిల్ల. నిన్న ఆలస్యం ఎందుకైందని ఆవిడ అడిగింది. ఏం చెప్పను?"

ఆవిరక్కకి తన నలభై రోజుల మంచం గుర్తొచ్చింది.

"జరిగిందంతా చెప్పు" అంది. "నా పేరుతో సహా చెప్పు."